లినక్స్ వ్యవస్థలలో తృతీయపక్ష భాండాగారాలు: తెలుగు ఫాంట్లు, కీబోర్డు అమరికల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: లినక్స్ ఆధారిత నిర్వహణవ్యవస్థలలో సాఫ్ట్‌వేర్ ‘రిపోజిటరీ’ల ద్వారా వినియోగదారునికి చేరుతుంది. అధికారిక రిపోజిటరీకి తోడుగా బయటి వ్యక్తులు, సంస్థలు నడిపే తృతీయపక్ష రిపోజిటరీలను చేర్చుకొనే అలవాటు 1990ల చివరినుంచి పెరిగింది. ఈ అలవాటు ఎందుకు పుట్టింది, దానిని అదుపులో ఉంచే పద్ధతులు ఏ క్రమంలో వచ్చాయి, తెలుగు ఫాంట్లూ కీబోర్డు అమరికలూ బయటినుంచి అధికారిక భాండాగారంలోకి ఎలా చేరాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక తెలుగు ఉపకరణం నిలవడానికి దాని నాణ్యత ఎంత ముఖ్యమో, దాని లైసెన్సు, దానికి పూచీపడే నిర్వాహకుడు కూడా అంతే ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, డెబియన్, ఉబుంటు, భాండాగారం, డిజిటల్ సంతకం, తెలుగు ఫాంట్లు, ఆర్‌టీఎస్, లైసెన్సు.

1. ఉపోద్ఘాతం

తిమ్మాజిపేట నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ ఊరిలో ఒక పరిశోధక విద్యార్థి ల్యాప్‌టాపును ఈ వ్యాసకర్త కొంతకాలం కిందట చూడవలసి వచ్చింది. అందులో ఉన్నది ఉబుంటు. కొత్త విడుదలకు మార్చుకున్న మరునాటినుంచి తెలుగు టైపు కావడం మానేసింది. సిద్ధాంతవ్యాసంలో మూడు అధ్యాయాలు అప్పటికే పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఆగిపోయింది.

కారణం వెదకగా భాండాగారాల జాబితాలో ఒక అదనపు పంక్తి కనిపించింది. రెండేళ్ల కిందట ఎవరో స్నేహితుడు, ఏదో సౌకర్యం కోసం, ఒక బయటి భాండాగారాన్ని చేర్చాడు. అక్కడినుంచి టైపింగుకు ఆధారమైన ఐబస్ కొత్త కూర్పు వచ్చి కూర్చుంది. ఉబుంటును కొత్త విడుదలకు మార్చేటప్పుడు బయటి భాండాగారాలన్నింటినీ ఆ వ్యవస్థే నిలిపివేస్తుంది. ఈ యంత్రంలోనూ ఆ పంక్తి అలాగే నిలిచిపోయింది. కానీ దాని ద్వారా వచ్చిన ప్యాకేజీ మాత్రం, కూర్పు సంఖ్య పెద్దది కావడం వల్ల, తొలగిపోకుండా మిగిలింది. కొత్త విడుదలలోని తెలుగు కీబోర్డు ప్యాకేజీకి దానితో పొత్తు కుదరలేదు. ఆ పంక్తిని ఎవరు రాశారు, ఎందుకు రాశారు, అటువైపు ఉన్నది ఎవరు అని అడిగితే ల్యాప్‌టాపు యజమానికి తెలియదు.

ఈ ప్రశ్నలు సాహిత్య పరిశోధకులకు కొత్తవి కావు. తాళపత్ర ప్రతిని చేతికి తీసుకున్న పరిష్కర్త మొదట అడిగేవి ఇవే. ఈ పద్యం ఏ ప్రతిలో ఉంది? లేఖకుడెవరు? ఇది మూలంలోనిదా, తరవాత చేరిందా? పల్లెలో పహాణీ చూసే రైతు కూడా తన పేరు పక్కన చేరిన కొత్త పేరు ఎవరి సంతకంతో వచ్చిందనే అడుగుతాడు. నిర్వహణవ్యవస్థలోని భాండాగారాల చరిత్రను ఈ దృష్టితో చూసే ప్రయత్నమే ఈ వ్యాసం.

2. ప్యాకేజీ, భాండాగారం

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రకటించాడు. అంతకుముందు లినక్స్ వాడేవారు చాలావరకు సాఫ్ట్‌వేర్ మూలపాఠాన్ని దింపుకొని తామే కూర్చుకొనేవారు. ఏ దస్త్రం ఏ డైరెక్టరీలోకి వెళ్లిందో కొన్నాళ్లకు వారికే గుర్తుండేది కాదు. దస్త్రాలన్నిటినీ ఒక మూటగా కట్టి, ఈ మూటకు ఏయే ఇతర మూటలు అవసరమో దానిమీదే రాసిపెట్టడం ప్యాకేజీ పద్ధతి. డెబియన్‌లో డీపీకేజీ, రెడ్‌హ్యాట్‌లో 1995నుంచి ఆర్‌పీఎం ఈ పని చేశాయి. అయితే అవసరమైన ఇతర మూటలను వెదికి తెచ్చుకొనే భారం వినియోగదారునిమీదే ఉండేది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో ‘ఆప్ట్’ వ్యాప్తిలోకి వచ్చి ఆ భారాన్ని తగ్గించింది. ‘సోర్సెస్.లిస్ట్’ అనే చిన్న దస్త్రంలో భాండాగారపు చిరునామా, విడుదల పేరు, విభాగం పేరు రాస్తే చాలు. మిగిలినది ఆప్ట్ చూసుకుంటుంది.

ఆ దస్త్రంలో ఎన్ని పంక్తులైనా రాయవచ్చు. డెబియన్ చిరునామా కింద ఇంకొకరి చిరునామా రాస్తే ఆప్ట్ రెండింటినీ సమానంగా చూస్తుంది. ఒకే ప్యాకేజీ రెండుచోట్లా ఉంటే పెద్ద కూర్పు సంఖ్య ఉన్నదానిని ఎంచుకుంటుంది. తృతీయపక్ష భాండాగారాల చరిత్రంతా ఈ సరళమైన నియమంనుంచే పుట్టింది. వాటి వల్ల కలిగిన సౌకర్యానికీ, తిమ్మాజిపేట ల్యాప్‌టాపు ఇబ్బందికీ మూలం ఇదే.

మరొక విషయం తరచుగా మరుగున పడుతుంది. ప్యాకేజీ స్థాపన సమయంలో అందులోని చిన్న ఆదేశపత్రాలు నిర్వాహక అధికారంతో, అంటే ‘రూట్’ హోదాలో నడుస్తాయి. అక్షరరూపాలు మాత్రమే ఉండే ఫాంటు ప్యాకేజీకి కూడా ఈ అధికారం ఉంటుంది. కాబట్టి ఒక బయటి చిరునామాను చేర్చడమంటే ఒక ఉపకరణాన్ని తెచ్చుకోవడంతో అయిపోదు. ఆ చిరునామా వెనక ఉన్నవారు రేపు ఏది పంపినా దానికి ఇంటి తాళం ఇచ్చినట్లే.

ఇంత ప్రమాదం ఉన్నా బయటి భాండాగారాలు ఎందుకు పుట్టాయి? 1997లో డెబియన్ తన సామాజిక ఒప్పందాన్ని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలను ఆమోదించింది. వాటికి సరిపడనిది ‘మెయిన్’ విభాగంలోకి రాదు. పేటెంటు వివాదాల వల్ల ఎంపీ3 వంటి రూపాలను వినిపించే సాఫ్ట్‌వేర్‌ను ఫెడోరా చాలాకాలం దూరంగా ఉంచింది. స్థిర విడుదలలు పాత కూర్పులతోనే కొనసాగుతాయి. ఈ మూడు ఖాళీలను నింపడానికే బయటివారు వచ్చారు. వారిలో అత్యధికులు జీతం లేకుండా, రాత్రులు మేల్కొని పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తలు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే భద్రతా గ్రంథాలలో ‘తృతీయపక్షం’ అన్న పదం ఇప్పుడు దాదాపు నిందగా ధ్వనిస్తోంది.

3. తెలుగు: బయటినుంచి లోపలికి

కంప్యూటరులో తెలుగు చరిత్ర చాలావరకు బయటివారి చరిత్రే. 1990ల తొలి సంవత్సరాలలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. రోమను అక్షరాలలో తెలుగును ఒకే తీరుగా రాసి, దానిని తెలుగు లిపిలోకి మార్చుకొనే పద్ధతి అది. విశ్వవిద్యాలయం పేరుమీదుగా దానికి ఆర్‌టీఎస్ అన్న పేరు నిలిచింది. అమెరికాలోని తెలుగువారు ఇంటర్నెట్ చర్చావేదికలలో పద్యాలు, కథలు, వాదోపవాదాలు ఈ పద్ధతిలోనే రాసుకున్నారు. అప్పటికి వారి ఎదుట తెలుగు యూనికోడ్ వాడుకలో లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు చోటు దక్కినా, అది సామాన్యుడి యంత్రానికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

యూనికోడ్ వచ్చాక ఫాంటు అవసరమైంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 ఫాంట్లను రూపొందించి ఉచితంగా ఇచ్చారు. టైపు చేయడానికి పోతన అమరికనూ రూపొందించారు. మొదట్లో ఎవరికి వారు వాటిని వెబ్‌సైటునుంచి దింపుకొని, ఫాంట్ల డైరెక్టరీలో పెట్టుకోవలసి వచ్చేది. ఒక రకంగా ఇదీ తృతీయపక్ష స్థాపనే. నవీకరణ ఉండదు, సంతకం ఉండదు. మూలస్థానం మూతపడితే ప్రతులు మాత్రమే మిగులుతాయి.

ఇక్కడ లైసెన్సు నిర్ణాయకమైంది. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. ఉచితంగా దింపుకోవచ్చునని మాత్రమే చెప్పిన ఫాంటును డెబియన్ తన ప్రధాన విభాగంలో పెట్టదు. మార్చే హక్కు, తిరిగి పంచే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. పోతన2000, వేమన2000 గ్నూ జీపీఎల్ కింద లభించడంతో వాటికి దారి తెరుచుకుంది. డెబియన్‌లో అవి ఇప్పుడు ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ ప్యాకేజీలో ఉన్నాయి. ఫెడోరాలోనూ విడివిడి ప్యాకేజీలుగా చేరాయి. రెడ్‌హ్యాట్ ఆధ్వర్యంలోని లోహిత్ ఫాంట్ల కుటుంబం మొదట జీపీఎల్ కింద ఉండి, 2011లో ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారింది. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఆ లైసెన్సుతోనే వచ్చాయి. ధూర్జటి, గిడుగు, గురజాడ, మండలి, పెద్దన, సూరన్న, తిమ్మన వంటి పేర్లతో వచ్చిన ఆ ఫాంట్లు డెబియన్‌లో ‘ఫాంట్స్-తెలుగువిజయం’ పేరిట లభిస్తున్నాయి. వాటిలో ‘సురవరం’ కూడా ఉంది. గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో పుట్టి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిని ఆ పేరు గుర్తుచేస్తుంది. పాలమూరు పాఠకునికి ఇది చిన్న సంతోషం.

ఆర్‌టీఎస్ ప్రయాణం ఇంకా ఆసక్తికరమైనది. జపానులోని జాతీయ పరిశోధన సంస్థ ఏఐఎస్‌టీ అభివృద్ధి చేసిన ఎం17ఎన్ గ్రంథాలయం అనేక భాషల టైపింగు అమరికలకు ఆధారం. తెలుగులో ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్, సరళ అమరికలు మొదట దాని ప్రధాన సంచయంలో కాక, బయటివారి చేర్పులకోసం ఉద్దేశించిన ‘ఎం17ఎన్-కంట్రిబ్’ అనే వేరు సంచయంలో ఉండేవి. తరవాత ఆ సంచయమే ప్రధాన సంచయంలో కలిసిపోయింది. నేడు డెబియన్‌లోనో ఉబుంటులోనో ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీని స్థాపిస్తే, హ్యూస్టన్‌లో ముప్పయ్యేళ్ల కిందట పుట్టిన తెలుగు అమరిక అధికారిక భాండాగారంనుంచే, సంతకంతో సహా అందుతుంది. దానికోసం ఏ బయటి చిరునామానూ రాయనక్కరలేదు.

ఇదే కాలంలో మరొక మార్గమూ నడిచింది. ఉపకరణాలను ఒక్కొక్కటిగా లోపలికి పంపకుండా, మొత్తం వ్యవస్థనే తెలుగులో తయారుచేయడం ఆ మార్గం. 2005లో వచ్చిన ‘స్వేచ్ఛ’ తెలుగు నిర్వహణవ్యవస్థ అలాంటిది. ఆ పేరుతోనే సాగిన ఉద్యమం ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపింది. సీ-డాక్ 2007లో వెలువరించిన ‘బాస్’ లినక్స్ డెబియన్ ఆధారంగా, భారతీయ భాషల మద్దతుతో, తన సొంత భాండాగారంతో వచ్చింది. ఇలాంటి ఉత్పన్న వ్యవస్థలు ప్రచారానికి, శిక్షణకు ఎంతో ఉపయోగపడతాయి. అయితే వేల ప్యాకేజీల భద్రతా సవరణలను ఏళ్ల తరబడి మోయడం చిన్న బృందాలకు పెద్ద భారం. అనువాదాన్ని గ్నోమ్ వంటి మూల ప్రాజెక్టుకే పంపితే అది ప్రతి డిస్ట్రిబ్యూషన్‌కూ చేరుతుంది. వేరు వ్యవస్థలో మాత్రమే ఉంచితే ఆ వ్యవస్థతోపాటే వృద్ధాప్యం పొందుతుంది. తెలుగు కృషిలో నిలిచినదంతా మొదటి దారిలో వెళ్లినదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

4. బయట మిగిలినవి

ఆర్‌పీఎం వైపు 2000ల తొలి దశకంలో లివ్నా, ఫ్రెష్‌ఆర్‌పీఎమ్స్, డ్రిబుల్, ఏటీఆర్‌పీఎమ్స్ వంటి భాండాగారాలు పక్కపక్కనే నడిచేవి. ఒకే గ్రంథాలయాన్ని ఒక్కొక్కరు ఒక్కో తీరుగా కూర్చేవారు. రెండింటిని కలిపి వాడిన వ్యవస్థ తరచుగా చిక్కుల్లో పడేది. 2007లో ఫెడోరా తన ‘కోర్’, ‘ఎక్స్‌ట్రాస్’ విభాగాలను ఒకటి చేసింది. 2008లో డ్రిబుల్, ఫ్రెష్‌ఆర్‌పీఎమ్స్, లివ్నా కలిసి ఆర్‌పీఎం ఫ్యూజన్‌గా మారాయి. పోటీపడే బయటివారు తమలో తాము ఒక క్రమశిక్షణకు ఒప్పుకోవడం ఈ చరిత్రలో అరుదైన ఘట్టం.

ఉబుంటు దారి వేరు. 2007లో దాని లాంచ్‌ప్యాడ్ వేదిక ‘పీపీఏ’లను, అంటే వ్యక్తిగత ప్యాకేజీ భాండాగారాలను ప్రవేశపెట్టింది. ఇందులో నిర్వాహకుడు మూలపాఠాన్ని మాత్రమే పంపుతాడు, ప్యాకేజీని లాంచ్‌ప్యాడ్ యంత్రాలే కూరుస్తాయి. కాబట్టి మూలానికీ ప్యాకేజీకీ మధ్య ఉన్న సంబంధాన్ని తనిఖీ చేయవచ్చు. 2009 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 9.10లో ‘యాడ్-ఆప్ట్-రిపోజిటరీ’ అనే ఆదేశం చేరింది. చిరునామా రాయడం, తాళంచెవిని తెచ్చుకోవడం అన్నీ ఒక్క వరుసలో పూర్తయ్యాయి. అప్పటినుంచి ‘ఈ వరుసను కాపీచేసి అతికించండి’ అన్నది సాధారణ సలహా అయింది. వరుస చిన్నదైన కొద్దీ దాని అర్థం గురించి ఆలోచించే వ్యవధి కూడా తగ్గింది. తిమ్మాజిపేటలో స్నేహితుడు చేసింది ఇదే.

బయటి చిరునామా ఎంత పెళుసుగా ఉండగలదో తెలిపే ఘటన 2013లో జరిగింది. శబ్ద, దృశ్య సాఫ్ట్‌వేర్ కోసం క్రిస్టియన్ మారియా నడిపిన ‘డెబియన్-మల్టీమీడియా’ భాండాగారాన్ని ఎంతోమంది వాడేవారు. పేరులో డెబియన్ ఉన్నా అది అధికారికం కాదు. తరవాత అది ‘డెబ్-మల్టీమీడియా’ అనే కొత్త డొమైనుకు మారింది. పాత డొమైను గడువు తీరిపోగా తమకు తెలియనివారెవరో దానిని నమోదు చేసుకున్నారనీ, ఆ పంక్తిని వెంటనే తొలగించాలనీ 2013 జూన్‌లో డెబియన్ ప్రాజెక్టు హెచ్చరించింది. భాండాగారం నడిపినవాడు ఏ తప్పూ చేయలేదు. ఇల్లు మారాడంతే. కానీ ఎందరి యంత్రాలలోనో పాత చిరునామా అలాగే ఉంది, ఆ తలుపు తట్టుతూనే ఉంది.

5. సంతకాలు, తాళంచెవులు

అలాంటి సందర్భంలో రక్షణగా నిలిచేది డిజిటల్ సంతకం. ఆప్ట్‌లో దాని పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి ప్యాకేజీ సారాంశ సంఖ్య ‘ప్యాకేజెస్’ జాబితాలో ఉంటుంది. ఆ జాబితా సారాంశ సంఖ్య ‘రిలీజ్’ అనే దస్త్రంలో ఉంటుంది. ‘రిలీజ్’ దస్త్రంమీద భాండాగారపు సంతకం ఉంటుంది. ఒక్క అక్షరం మారినా గొలుసు తెగుతుంది. డెబియన్ స్థిర విడుదలలలో ఈ తనిఖీ 2007 ఏప్రిల్‌లోని 4.0నుంచి అమలులోకి వచ్చింది. అంటే ఆప్ట్ వ్యాప్తిలోకి వచ్చాక ఎనిమిదేళ్లపాటు, అది తెచ్చినదానిని చాలావరకు నమ్మకంమీదే స్థాపించుకున్నాము.

సంతకం అన్నిటికీ మందు కాదని మరుసటి ఏడే తేలింది. 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు జస్టిన్ కాపోస్, అతని సహచరులు ఒక కల్పిత నిర్వాహకుని పేరుతో అద్దె సర్వరులో మిర్రర్ నెలకొల్పి, ప్రముఖ డిస్ట్రిబ్యూషన్ల అధికారిక మిర్రర్ల జాబితాలలో చోటు సంపాదించారు. సంతకాన్ని ఫోర్జరీ చేయకుండానే దాడి సాధ్యమని వారు చూపారు. సరైన సంతకం ఉన్న పాత జాబితానే పదేపదే అందిస్తే వినియోగదారునికి కొత్త భద్రతా సవరణలు ఎప్పటికీ చేరవు. ఆ లోపాన్ని మూసేందుకే ‘రిలీజ్’ దస్త్రంలో చెల్లుబాటు గడువును రాసే ఏర్పాటు ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో రెడ్‌హ్యాట్, ఫెడోరా సర్వర్లలోకి చొరబాటు జరగగా ఫెడోరా తన సంతకపు తాళంచెవులను మార్చుకొంది.

తృతీయపక్ష భాండాగారాల విషయంలో అసలు లోపం ఇంకొకటి. ‘ఆప్ట్-కీ’ ద్వారా చేర్చిన ప్రతి తాళంచెవీ ఒకే గుత్తిలో పడేది. ఆ గుత్తిలోని ఏ తాళంచెవి అయినా ఏ భాండాగారానికైనా చెల్లేది. ఒక చిన్న ఉపకరణం కోసం తెచ్చుకున్న తాళంచెవి డెబియన్ ప్రధాన భాండాగారపు తలుపునూ తెరవగలదన్న మాట. పాలేరుకు పశువుల కొట్టం తాళం ఇస్తూ బీరువా తాళమూ ఇచ్చినట్లుండే ఈ ఏర్పాటు ఆశ్చర్యకరంగా చాలా ఏళ్లు సాగింది. చివరకు ‘ఆప్ట్-కీ’ని విడిచిపెట్టే దశలో, ప్రతి భాండాగారపు పంక్తిలో ‘సైన్డ్-బై’ అని దానికి మాత్రమే చెల్లే తాళంచెవిని పేర్కొనే పద్ధతి ప్రమాణమైంది. ఉబుంటు 24.04లో భాండాగారాల జాబితా పాత ఒంటి పంక్తులనుంచి చదవడానికి వీలైన శీర్షికల రూపానికి మారింది.

ప్రాధాన్య సంఖ్యల విషయం ఎక్కువమంది పట్టించుకోరు, కానీ తెలుగు పరిశోధకునికి అదే ఎక్కువ పనికివస్తుంది. ఆప్ట్ ప్రతి భాండాగారానికి సాధారణంగా 500 ప్రాధాన్యం ఇస్తుంది. ‘ప్రిఫరెన్సెస్’ దస్త్రంలో బయటి భాండాగారం మొత్తానికి 100 ఇచ్చి, కావలసిన ఒక్క ప్యాకేజీకి మాత్రం 500 ఇస్తే, మిగిలిన వ్యవస్థను అది తాకదు. రుణ సంఖ్య ఇస్తే అక్కడినుంచి ఏదీ స్థాపన కాదు. 1000కి మించి ఇస్తే వెనకటి కూర్పుకు తిరిగి వెళ్లడానికీ వీలుంటుంది. తిమ్మాజిపేట యంత్రంలో ఈ మూడు పంక్తులు ఉండి ఉంటే కొత్త ఐబస్ అసలు వచ్చేదే కాదు.

6. లోపలి ప్రమాదం

అధికారికమైనదంతా సురక్షితమన్న నిర్ణయానికి రావడం మాత్రం తొందరపాటు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే సంపీడన సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్యద్వారం ఉన్నట్లు వెల్లడించాడు. దానిని చేర్చినది బయటి భాండాగారం కాదు. ఏళ్ల తరబడి సహాయకుడిగా మెలిగి నమ్మకం సంపాదించిన సహ నిర్వాహకుడే ఆ పని చేశాడు. డెబియన్ ప్రయోగాత్మక విభాగాలలోకి అది సక్రమమైన సంతకంతోనే చేరింది. నెమ్మదిగా సాగే స్థిర విడుదలలలోకి చేరకపోవడం వల్ల పెద్ద ఉపద్రవం తప్పింది. పాతబడిన కూర్పులని మనం విసుక్కొనే ఆ స్థిర విడుదలలే ఈసారి కాపాడాయి.

తాము వాడే ఉపకరణాలను తెలుగు శాఖలవారు ఎన్నడూ ఇలా పరీక్షించి చూసినట్లు లేదు. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో టైపు చేసిన సిద్ధాంతవ్యాసాలు మన గ్రంథాలయాలలో బీరువాల కొద్దీ ఉన్నాయి. వాటి సాఫ్ట్ కాపీలు ఆయా ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లలో చాలావాటి లైసెన్సు వాటిని ఏ స్వేచ్ఛా భాండాగారంలోకీ రానివ్వదు. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి ఇస్తేనే ఆ పాఠం మళ్లీ చదవగలిగే స్థితికి వస్తుంది. పోతన2000తో రాసిన పాఠానికి ఈ చిక్కు రెండు విధాలుగా లేదు. అది యూనికోడ్ పాఠం కాబట్టి ఏ తెలుగు ఫాంటుతోనైనా చదవవచ్చు. ఆ ఫాంటే కావాలన్నా భాండాగారంలో దొరుకుతుంది.

ల్యాప్‌టాపు సంగతికి వస్తే, పీపీఏ-పర్జ్ అనే ఉపకరణంతో ఆ బయటి భాండాగారాన్ని తొలగించి, దాని ప్యాకేజీలను ఉబుంటు సొంత కూర్పులకు దించవలసి వచ్చింది. తరవాత ఐబస్-ఎం17ఎన్ స్థాపన సజావుగా జరిగింది. విద్యార్థికి అలవాటైన ఆర్‌టీఎస్ అమరిక జాబితాలో కనిపించింది. జాబితాలో మరో రెండు బయటి చిరునామాలు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకటి వెబ్ బ్రౌజరుది, అవసరమని ఉంచాము. రెండోది దేనికోసమో ఇద్దరికీ అంతుపట్టలేదు. తొలగించే ముందు ఆ పంక్తిని ఒక కాగితంమీద తేదీతో సహా రాసుకొమ్మని విద్యార్థికి చెప్పాను.